టైరు ముందు, చక్రం తర్వాత

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చక్రాల మీదే. స్పోర్ట్స్ కారు కొన్న మొదటి ఏడాదిలో దాదాపు అందరినీ తొలిచే పురుగు ఇది. నన్నూ తొలిచింది, కాబట్టి ఎవరినీ వెక్కిరించే హక్కు నాకు లేదు. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒకటే తీసుకున్నాను, మరీ పొడుగు ఉత్తరాలు కాస్త కుదించాను.

ప్రశ్న: నాది టయోటా జీటీ86. కంపెనీ చక్రాలు 17 అంగుళాలవి, 7 వెడల్పు, ఆఫ్‌సెట్ 48, టైరు 215/45 ఆర్ 17. పక్కనుంచి చూస్తే చక్రాలు ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) లోపల నక్కి కూర్చున్నట్టు ఉంటాయి. 19 అంగుళాలు, 8.5 వెడల్పు, ఆఫ్‌సెట్ 35 ఉన్న అలాయ్‌లు తెగ నచ్చాయి. షాపతను "పట్టేస్తాయి సార్, టెన్షన్ పడకండి" అంటున్నాడు. తీసుకోనా?

జవాబు: పట్టడం వేరు, పనిచేయడం వేరు. బిగించి జాకీ దించాక కారు నాలుగు చక్రాల మీద నిలబడితే షాపతని లెక్కలో పట్టినట్టే. మీ లెక్కలో మాత్రం స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడూ, పక్కన మనిషి కూర్చున్నప్పుడూ, మలుపులోనే ఓ గుంత తగిలి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడూ ఎక్కడా రాసుకోకపోతేనే పట్టినట్టు.

ముందు టైరు లెక్క చూద్దాం. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 45 అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో. 17 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ఒకే టైరు మీద ఒకటి మిల్లీమీటర్లు, ఒకటి శాతం, ఒకటి అంగుళాలు, ఎవరు కనిపెట్టారో గానీ మనల్ని ఏడిపించడానికే పెట్టినట్టుంటుంది. సరే, 215లో 45 శాతం 96.75 మి.మీ., రిమ్‌కి పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి 193.5. రిమ్ 17ని 25.4తో గుణిస్తే 431.8. రెండూ కలిపితే మొత్తం టైరు ఎత్తు 625.3 మి.మీ. ఈ అంకె ఓ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి, ఎందుకంటే కారులో ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, గేరు నిష్పత్తులు, స్పీడోమీటరు అన్నీ ఇంచుమించు ఈ ఎత్తునే నమ్ముకుని పనిచేస్తున్నాయి.

ఇప్పుడు 19 అంగుళాల రిమ్‌కి ఏ టైరు వేస్తారు? 225/35 వేస్తే 640.1 మి.మీ., అంటే 2.4 శాతం పెరిగింది. 235/35 వేస్తే 647.1, మూడున్నర శాతం. నా వరకు నేను రెండు శాతం దాటను. మూడు దాటితే ఇక ఆ మాటే ఎత్తను. టయోటా వాళ్లే ఏం చేశారో చూడండి. తర్వాత వచ్చిన జీఆర్86కి 18 అంగుళాల చక్రం ఇచ్చినప్పుడు టైరు 215/40 పెట్టారు, దాని ఎత్తు 629.2. రిమ్ అంగుళం పెరిగినా మొత్తం ఎత్తు 4 మి.మీ. కూడా పెరగలేదు. కారు తయారుచేసినవాళ్లే అంత జాగ్రత్తగా ఉంటే మనం ఒకేసారి 22 మి.మీ. పెంచేయడం ఎందుకు?

పైగా మీ సైడ్‌వాల్ దాదాపు 97 మి.మీ. నుంచి 79కి పడిపోతుంది. గుంతలో పడినప్పుడు దెబ్బ తినాల్సింది ఆ రబ్బరు గోడ. అది సన్నబడితే దెబ్బ నేరుగా రిమ్‌కి తగులుతుంది, రిమ్ వంగుతుంది లేదా పగుళ్లిస్తుంది.

ఆఫ్‌సెట్ దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. చక్రం వెడల్పుని సరిగ్గా సగం చేస్తూ ఒక గీత గీశామనుకోండి. హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం) ఆనే ముఖం ఆ గీత నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకే ఆఫ్‌సెట్, చక్రం మీద ఈటీ 48 అనో ఈటీ 35 అనో ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ చక్రం లోపలికి వెళ్తుంది, తగ్గేకొద్దీ బయటికొస్తుంది. మీ పాత చక్రం 7 అంగుళాల వెడల్పు, కొత్తది 8.5. తేడా ఒకటిన్నర అంగుళం, అంటే 38 మి.మీ., అది లోపలికి 19, బయటికి 19 పంచుకుంటుంది. దానిమీద ఆఫ్‌సెట్ 48 నుంచి 35కి తగ్గింది కాబట్టి మొత్తం చక్రం ఇంకో 13 మి.మీ. బయటికి జరుగుతుంది. కలిపితే బయటివైపు 32 మి.మీ. ముందుకొచ్చింది, లోపలివైపు 6 మి.మీ. స్ట్రట్‌కి (చక్రం లోపలివైపు నిలబడే సస్పెన్షన్ స్తంభం) దగ్గరైంది. ఫెండర్ అంచుతో గొడవలు మొదలయ్యేది ఆ 32 దగ్గరే. అప్పుడు ఫెండర్ అంచు లోపలికి మడిపించాలి, క్యాంబర్ (చక్రం పైభాగాన్ని లోపలికి వాల్చడం) ఎక్కువ ఇవ్వాలి, టైరు లోపలి అంచు తొందరగా అరుగుతుంది... ఒక్కో పనీ ఇంకో పనిని వెంటేసుకొస్తుంది.

నన్నడిగితే 17×8, ఈటీ 45 చక్రం, దానిమీద 225/45 ఆర్ 17. ఎత్తు 634.3, అంటే 1.4 శాతమే ఎక్కువ. బయటికి 16 మి.మీ., లోపలికి 10 మి.మీ. వస్తుంది. ఫెండర్ లోపల నక్కినట్టుందన్న మీ బాధ దాంతోనే చాలావరకు తీరుతుంది. కంటికి మరీ చిన్నగా అనిపిస్తే 18×8, అదే ఈటీ 45, టైరు 225/40, ఎత్తు 637.2. ఇది 1.9 శాతం, నా గీతకి ఇవతలే ఉంది. 19 మాత్రం వద్దు, దాని కోసం వదులుకునేది ఎక్కువ.

మీరు చక్రాన్ని ప్రేమించి టైరు వెతుక్కుంటున్నారు. క్రమం తిరగేయండి. ముందు ఏ టైరు కావాలో తేల్చుకోండి, అది ఏ సైజుల్లో దొరుకుతుందో చూడండి, ఆ టైరుకి ఎంత వెడల్పు రిమ్ కావాలో చూడండి (225/45 ఆర్ 17కి 7 నుంచి 8.5 అంగుళాల దాకా అనుమతి ఉంది), తర్వాత ఆఫ్‌సెట్. చక్రం వ్యాసం అన్నిటికంటే చివర. బ్రేకుల మీదుగా పట్టే చక్రాల్లో చిన్నది తీసుకుంటే చాలు, డిజైనూ రంగూ మీ ఇష్టం.

ప్రశ్న: టైరు వెడల్పు పెరిగితే నేలకి ఆనే రబ్బరు పెరుగుతుంది, రబ్బరు పెరిగితే గ్రిప్ పెరుగుతుంది. ఇంత చిన్న లెక్కకి మీరు ప్రతిసారీ ఎందుకు అడ్డం పడతారు?

జవాబు: లెక్క చిన్నదే, మొదటి మెట్టు దగ్గరే జారింది. ఒక చక్రం మీద 300 కిలోల బరువు ఉందనుకుందాం, టైరులో గాలి 2 బార్, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2 కిలోలు. ఆ బరువు మోయడానికి దాదాపు 150 చదరపు సెంటీమీటర్ల రబ్బరు నేలకి ఆనాలి. ఇప్పుడు వెడల్పు టైరు వేసి అదే గాలి పెట్టండి. బరువు అదే, గాలి అదే, కాబట్టి ఆనే వైశాల్యం కూడా ఇంచుమించు అదే. సైడ్‌వాల్ గట్టిదనం వల్ల కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, మీరనుకున్నట్టు పెరగదు. మారేది ఆకారం. నేలకి ఆనే చోట పొడుగ్గా ఉన్న మచ్చ అడ్డంగా, పొట్టిగా మారుతుంది.

మరి రేసు కార్లకి అంత వెడల్పు టైర్లెందుకంటారా? పొట్టిగా అడ్డంగా ఉన్న మచ్చ మలుపులో పక్కకి లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది, స్టీరింగ్ తిప్పగానే స్పందిస్తుంది. రబ్బరు ఎక్కువుంది కాబట్టి వేడి పంచుకుంటుంది, అందువల్ల మెత్తటి రబ్బరు వాడినా నాలుగు రౌండ్లకే కరిగిపోదు. అసలు గ్రిప్ తెచ్చేది ఆ మెత్తటి రబ్బరు, వెడల్పు దానికి తోడు మాత్రమే. నాసిరకం 255 కంటే మంచి 225 ఎప్పుడూ ముందుంటుంది, పొడి రోడ్డు మీదే కాదు, తడి రోడ్డు మీద ఇంకా ముందుంటుంది. వాన నీటిని పక్కకి తోయడం వెడల్పు టైరుకి కష్టం, నీటి మీద తేలిపోవడం తక్కువ వేగంలోనే మొదలవుతుంది.

జీటీ86 మొదట వచ్చినప్పుడు దానికి మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు వేశారు. ప్రియస్‌కి కూడా వాడిన టైరు అది! స్పోర్ట్స్ కారుకి హైబ్రిడ్ కారు టైరేమిటని చాలామంది నవ్వారు. కావాలనే అలా చేశారు, గ్రిప్ తక్కువైతే మామూలు వేగంలోనే వెనక చక్రాలు జారి, కారు ఆడుకోవడానికి దొరుకుతుందని. అంటే అతుక్కుపోయే కారే మంచి కారని రూలేం లేదు, ఆ కారు తయారుచేసినవాళ్లకే అలా అనిపించలేదు.

ప్రశ్న: నా నిస్సాన్ జీటీ-ఆర్‌కి ముందు 255/40 ఆర్ 20, వెనక 285/35 ఆర్ 20 ఉన్నాయి. ముందువి ఇంకా బాగున్నాయి, వెనకవి అరిగిపోయాయి. ఎలాగూ మార్చాలి కదా, వెనక మాత్రం 305 వేసేద్దామనుకుంటున్నాను. 305/35 మంచిదా, 305/30 మంచిదా?

జవాబు: ఈ కారుకి రెండూ మంచివి కావు. ఇది నాలుగు చక్రాలూ లాగే కారు. ముందు ఇరుసు, వెనక ఇరుసు ఎంతెంత వేగంతో తిరుగుతున్నాయో కంప్యూటరు ఎప్పుడూ పోల్చి చూస్తూ ఉంటుంది, ఆ తేడాని బట్టే ముందు చక్రాలకి ఎంత శక్తి పంపాలో క్లచ్ ప్యాక్‌కి (ముందు ఇరుసుకి శక్తి అందించే క్లచ్ పలకల కట్ట) చెబుతుంది. కంపెనీ ఇచ్చిన ముందు టైరు ఎత్తు 712 మి.మీ., వెనకది 707.5. వెడల్పులో అంత తేడా ఉన్నా ఎత్తులో తేడా నాలుగున్నర మిల్లీమీటర్లే, అదీ వెనకదే చిన్నది. మీరు 305/35 వేస్తే వెనక 721.5 అవుతుంది, ముందుదాని కంటే పెద్దది. 305/30 వేస్తే 691కి పడిపోతుంది. రెండిట్లో ఏది వేసినా చక్రాలు జారకుండానే జారుతున్నట్టు కంప్యూటరుకి కనిపిస్తుంది, క్లచ్ ప్యాక్ తిన్నటి రోడ్డు మీద కూడా రాపిడికి గురై వేడెక్కుతుంది.

ఇక్కడో మెలిక ఉంది. ముందూ వెనకా ఎత్తు సమానంగా ఉండాలని కాదు నేననేది. పోర్షే 911 కరేరా 992 చూడండి, ముందు 235/40 ఆర్ 19, వెనక 295/35 ఆర్ 20. లెక్కవేస్తే 671కి 714, నలభై మి.మీ. పైగా తేడా. నాలుగు చక్రాలూ లాగే కరేరా 4లో కూడా అంతే. కారుని ఆ తేడాతోనే డిజైన్ చేశారు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. అంటే నిలబెట్టాల్సింది సమానత్వం కాదు, కంపెనీ ఇచ్చిన ముందు వెనకల నిష్పత్తి. మీకు వెనక 305 వేయాలనే పట్టుదల ఉంటే ముందు టైర్లు కూడా మార్చాలి. ముందు 265/35, వెనక 305/30 అయితే 693.5, 691 వస్తాయి, నిష్పత్తి దాదాపు నిలబడుతుంది. కానీ నాలుగు టైర్లూ రెండున్నర శాతం చిన్నవైపోతాయి, కారు ఎనిమిది తొమ్మిది మి.మీ. కిందికి దిగుతుంది. నేనైతే ఆ డబ్బుతో కంపెనీ సైజులోనే నాలుగు కొత్త టైర్లు వేయిస్తాను.

అన్నట్టు, వెనక మాత్రమే కొత్తవి వేయడం కూడా ఆలోచించే చేయండి. కొత్త టైరు మీద గాడి లోతు సుమారు 8 మి.మీ., సగం అరిగినదాని మీద 4 ఉంటే టైరు ఎత్తులోనే 8 మి.మీ. తేడా వచ్చేస్తుంది. కారుతో వచ్చిన పుస్తకంలో ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో చూసుకోండి.

ప్రశ్న: నా కారు హబ్ 5×114.3 (అయిదు బోల్టులు, అవి కూర్చునే వలయం వ్యాసం 114.3 మి.మీ.). స్నేహితుడు 5×112 చక్రాలు ఉత్తినే ఇస్తానంటున్నాడు. ఒక్కో రంధ్రానికి మిల్లీమీటరే కదా తేడా, నట్లు గట్టిగా బిగిస్తే సర్దుకుంటుంది అంటున్నాడు.

జవాబు: వద్దు. సర్దుకోదు.

అయిదు బోల్టులు కూర్చునే వలయం వ్యాసం 2.3 మి.మీ. తేడా, ఒక్కో బోల్టు 1.15 మి.మీ. పక్కకి వంగి నిలబడాలి. నట్టు కింద గుంటలో పూర్తిగా కూర్చోదు, ఒక పక్క మాత్రమే ఆనుతుంది. మొదటి రోజు బిగుతుగానే ఉంటుంది, తర్వాత కొద్దికొద్దిగా వదులవుతుంది, వంగిన స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) రోజూ అలిసిపోయి ఒకనాడు విరుగుతుంది. స్నేహితుడి మంచి మనసుకి థాంక్స్ చెప్పండి, చక్రాలు తెచ్చుకోకండి.

పీసీడీ (ఆ బోల్టుల వలయం కొలత) సరిపోయినా ఇంకో రెండు చూసుకోవాలి. ఒకటి నట్టు కూర్చునే చోటు. కొన్ని చక్రాలకి కోను ఆకారం, కొన్నిటికి గుండ్రటి బంతి ఆకారం ఉంటుంది. బంతి గుంటలో కోను నట్టు వేస్తే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. రెండోది సెంటర్ బోర్, చక్రం మధ్య రంధ్రం. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల కిందట వాడిన చక్రాల సెట్టు ఒకటి మోజుపడి కొన్నాను. పీసీడీ సరే, ఆఫ్‌సెట్ సరే, టైరు సరే. 90 దాటగానే స్టీరింగ్ గజగజ వణికేది. మూడు చోట్ల మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, ఒక షాపులో ఏకంగా స్టీరింగ్ రాడ్లు మార్చాలన్నారు, ఇంకాసేపు ఉంటే కారే మార్చమనేవారేమో. చివరికి తేలిందేమిటంటే హబ్ 56.1 మి.మీ., చక్రం మధ్య రంధ్రం 73.1. చుట్టూ ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ, బిగించిన ప్రతిసారీ చక్రం ఇష్టమొచ్చినచోట కూర్చుంటోంది. ఆ ఖాళీకి సరిపోయే హబ్ రింగులు నాలుగు వేశాక వణుకు పోయింది. రింగు అంటే ఏదో చిన్న ప్లాస్టిక్ ముక్క. దానికోసం నేను రెండు నెలలు కారుతో మాట్లాడటం మానేశాను.

ప్రశ్న: కొత్త చక్రం లోపలివైపు స్ట్రట్‌కి తగులుతోంది. 5 మి.మీ. స్పేసర్ వేస్తే సరిపోతుందంటున్నారు, వేయొచ్చా?

జవాబు: స్పేసర్ అంటే హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే బిళ్ల. 5 మి.మీ.ది వేయడమంటే ఆఫ్‌సెట్‌ని 5 తగ్గించడమే, అంతకుమించి మాయేమీ లేదు. చూడాల్సింది నట్టు ఎన్ని చుట్లు ఎక్కుతోందన్నది. మరలో కూర్చున్న పొడవు కనీసం స్టడ్ మందమంత ఉండాలని లెక్క. 12 మి.మీ. స్టడ్‌కి మర (ఒక్కో చుట్టుకి నట్టు ముందుకెళ్లే దూరం) 1.25 మి.మీ. అయితే పది చుట్లకి కొంచెం తక్కువ, 1.5 అయితే ఎనిమిది. స్పేసర్ పెట్టి, నట్టు చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. ఆరు చుట్లకే ఆగిపోతే పొడుగు స్టడ్‌లు వేయించాలి, లేదా స్పేసర్ మానుకోవాలి.

ఇంకోటి, హబ్ మధ్యలో చక్రాన్ని మోసే పెదవి చాలా కార్లకి పొట్టిగానే ఉంటుంది, సాదా స్పేసర్ దాన్ని చాలావరకు మింగేస్తుంది. అందుకే సొంత పెదవి ఉన్న స్పేసర్ అడగండి. రెండు స్పేసర్లు ఒకదానిమీద ఒకటి పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. అసలు తగలడం అంటే కొనేముందు ఆఫ్‌సెట్ లెక్క వేయలేదన్నమాటే, కోప్పడకండి.

ప్రశ్న: చక్రం మీద ఒక కిలో తగ్గిస్తే బాడీ మీద పది కిలోలు తగ్గించినట్టే అంటారు. నిజమేనా? అందుకోసం ఫోర్జ్‌డ్ చక్రాలు కొనాలా?

జవాబు: పది కిలోలన్నది ఎవరో ఎక్కడో అన్నమాట, అప్పటినుంచి అందరూ అంటున్నారు. యాక్సిలరేషన్ వరకే చూస్తే లెక్క తేలికే. చక్రం మీది బరువుని కారుతో పాటు ముందుకి తోయాలి, పైగా గిరగిరా తిప్పాలి కూడా. బరువంతా సరిగ్గా టైరు అంచులో ఉంటే తిప్పడానికయ్యే శక్తి ముందుకి తోయడానికయ్యే శక్తికి సమానం, కాబట్టి కిలోకి రెండు కిలోలు. హబ్ దగ్గరుంటే కిలోకి కిలో పైన కాస్త. అంటే ఎంత చూసినా రెండు దాటదు.

కానీ బరువు ఎక్కడ ఉందన్నది అందుకే ముఖ్యం. టైరు అంచున ఉంది, దాని తర్వాత రిమ్ బారెల్ (టైరు కూర్చునే గొట్టంలాంటి భాగం). తేలికైన చక్రం కొని దానిమీద బరువైన టైరు వేస్తే ఎడం చేత్తో ఇచ్చి కుడి చేత్తో లాక్కున్నట్టే. పెద్ద రిమ్‌తో ఇదే చిక్కు, లోహం కేంద్రం నుంచి దూరం జరుగుతుంది. సస్పెన్షన్ సంగతి వేరే కథ. చక్రం తేలికైతే గతుకుల మీద టైరు నేలని వదలకుండా అంటుకుని ఉంటుంది, ఆ సుఖం ఏ స్టాప్‌వాచ్‌కీ దొరకదు గానీ స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది.

ఇక ఫోర్జ్‌డ్ గురించి. కరిగించిన లోహాన్ని అచ్చులో పోస్తే క్యాస్ట్ చక్రం, ఘన లోహాన్ని విపరీతమైన ఒత్తిడితో నొక్కి ఆకారం తెస్తే ఫోర్జ్‌డ్. ఫోర్జ్‌డ్ తక్కువ లోహంతోనే అంత బలం ఇస్తుంది, డబ్బు మాత్రం చాలా గుంజుతుంది. మధ్యలో ఫ్లో ఫార్మింగ్ ఉంది, మధ్యభాగం పోతపోసి బారెల్‌ని వేడిమీద రోలర్లతో సాగదీస్తారు. వీధుల్లోనూ, ఎప్పుడైనా ట్రాక్ మీదా నడిపేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఏది కొన్నా చక్రం మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు (జపాన్ ప్రమాణాలు) గానీ, జర్మన్ టీయూవీ ఆమోదం గానీ ఉందో లేదో చూడండి. పేరున్న డిజైన్‌కి నకలు కొట్టి సగం ధరకి అమ్మే చక్రాలున్నాయి. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, స్పోక్‌లు అచ్చం అలాగే ఉంటాయి, లోపల లోహం అది కాదు.

ప్రశ్న: అందరూ చక్రాలు పెద్దవి చేస్తుంటే నాకు చిన్నవి చేయాలనుంది. మాజ్దా ఎమ్ఎక్స్-5, ఎన్‌డీ మోడల్, 205/45 ఆర్ 17. 15 అంగుళాలకి దిగనా, నవ్వుతారా?

జవాబు: నవ్వేవాళ్లు నవ్వనీయండి, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. మీ టైరు ఎత్తు 616.3 మి.మీ. 15 మీద 205/50 వేస్తే 586, దాదాపు అయిదు శాతం తగ్గుతుంది. ట్రాక్ మీద అది వరమే. చక్రం తేలిక, కారు కిందికి దిగుతుంది, గేరింగ్ పొట్టిదై ప్రతి గేరులోనూ ఇంజను చురుగ్గా లాగుతుంది. రోజూ హైవే మీద నడిపితే మాత్రం ఇంజను ఎక్కువ తిరుగుతుంది, చప్పుడు పెరుగుతుంది, స్పీడోమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

అందుకే నా ఓటు 16కి. ఈ కారుకి కంపెనీయే 195/50 ఆర్ 16 ఇచ్చిన మోడళ్లున్నాయి, దాని ఎత్తు 601.4. మీరు 205/50 ఆర్ 16 వేస్తే 611.4, మీ 17తో పోలిస్తే ఒక శాతం కూడా తేడా లేదు. పైగా సైడ్‌వాల్ 10 మి.మీ. పెరుగుతుంది, రైడ్ మెత్తబడుతుంది. కాస్త మెత్తటి సైడ్‌వాల్‌తో ఈ కారు మలుపులో వాలే తీరు నాకు చాలా ఇష్టం, గీత గీసినట్టు తిరగకపోయినా మాట్లాడుతూ తిరుగుతుంది. ఒక్కటే షరతు, మీ కారుకి ముందు బ్రెంబో బ్రేకులుంటే కంపెనీ 16 చక్రం వాటి మీదుగా పట్టదు. అప్పుడు చక్రం తయారీదారు ఇచ్చే బ్రేకు కొలత బొమ్మ అసలు సైజులో ప్రింట్ తీసి, అట్టముక్క మీద అంటించి కత్తిరించి క్యాలిపర్ (బ్రేకు డిస్క్‌ని పట్టి నొక్కే భాగం) మీద పెట్టి చూడండి. అట్టకీ క్యాలిపర్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు కూడా లేకపోతే ఆ చక్రం వద్దు.

ప్రశ్న: టైరు పెద్దదైతే స్పీడోమీటరు తప్పు చూపిస్తే ఏమవుతుంది? నావిగేషన్‌లో చూసుకుంటాం కదా.

జవాబు: స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 చెబుతుంది, అందుకే కంపెనీలు కొంచెం ఎక్కువ చూపించేలాగే పెడతాయి. టైరు 3 శాతం పెరిగితే ఆ జాగ్రత్త కొంత కరిగిపోతుంది, 100 అని చూపిస్తున్నప్పుడు ముందటికంటే 3 కి.మీ. ఎక్కువ వేగంలో ఉంటారు. ఏబీఎస్ మాత్రం మీ నావిగేషన్‌ని చూడదు.

ప్రశ్న: టైరు చివర ఉండే 91డబ్ల్యూ, 87వీ లాంటివి పట్టించుకోవాలా? చక్రాలు వచ్చాయి, రేపు బిగించుకోవడానికి వెళ్తున్నాను, ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబు: కచ్చితంగా పట్టించుకోవాలి. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది, 91 అంటే 615. వీ అంటే గంటకి 240 కి.మీ. వరకు, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300. కంపెనీ ఇచ్చినదానికంటే ఈ రెండూ తగ్గకూడదు. సైడ్‌వాల్ సన్నబడినప్పుడు ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసేది) అని ఉన్న టైరు కావాల్సి రావచ్చు, అలాంటిది అంత బరువు మోయాలంటే గాలి కూడా ఎక్కువ పెట్టాలి, పాత లెక్కకే పెట్టి వదిలేయకండి.

టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్న వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి కొత్తగా ఉన్నా రబ్బరు ముసలిదైతే వద్దని చెప్పండి.

రేపు వెళ్లేటప్పుడు ముందు ఒక్క చక్రం టైరు లేకుండా హబ్‌కి పెట్టించి చేత్తో తిప్పి చూడండి, క్యాలిపర్‌కి తగిలితే అక్కడే ఆగిపోండి, టైరు ఎక్కించిన చక్రాన్ని ఏ షాపూ వెనక్కి తీసుకోదు. తర్వాత టైరుతో బిగించి స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పండి, వెనక సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టండి. నట్లు గన్‌తో బిగించి వదిలేస్తే ఒప్పుకోకండి, టార్క్ రెంచ్ పట్టించండి, అంకె కారు పుస్తకంలో ఉంటుంది. అలైన్‌మెంట్ అదేరోజు చేయించండి. ఇన్సూరెన్సువాళ్లకి చక్రాలు మార్చినట్టు ఒక ముక్క రాసి పెట్టండి, టైరు ఫెండర్ బయటికి వస్తే చాలా దేశాల్లో రూలు ఒప్పుకోదు, అది కూడా చూసుకోండి. 50 నుంచి 100 కి.మీ. నడిచాక మళ్లీ అదే రెంచ్‌తో నట్లు ఒకసారి సరిచూడండి. ఒక్క నట్టు పావు చుట్టు కదిలినా, చక్రం విప్పి హబ్ ముఖం మీద తుప్పో, మిగిలిపోయిన రంగో ఉందేమో శుభ్రం చేసి మళ్లీ బిగించండి.